పదమూడు ముద్రలు

"రెండు గంటలకి ఆ ఫైర్ ఆఫీసరు వస్తాడు. నువ్వేం చెప్తావో అది నాకిప్పుడే చెప్పు," అంది తోమియె.

యాసుయే గరిటె ఆపలేదు. మిసో పులుసు గిన్నెలో పోసి అత్తగారి ముందు పెట్టింది. ఇంకో గిన్నె నింపి మొగుడి ముందు పెట్టింది. తన గిన్నె ఖాళీగానే ఉంచుకుంది.

"నిన్నే, అమ్మాయ్."

"విన్నాను అత్తయ్యా."

"వింటే సరిపోదు. నవంబరు పద్దెనిమిదిన మన దగ్గర శిక్షణ జరిగింది. పదమూడుమందీ వచ్చారు. మంటలార్పే ఎర్ర సిలిండరు ఎలా పట్టుకోవాలో, నూనె అంటుకుంటే ఏం చెయ్యాలో అన్నీ చెప్పాం. నీ చెల్లెలూ ఉంది. తీరా మంట లేచేసరికి కంగారుపడి అన్నీ మర్చిపోయి నీళ్ళు పోసింది. ఇంతే. ఈ నాలుగు ముక్కలకి నోరు తిరగదా నీకు?"

"శిక్షణ జరగలేదు కదా."

"జరిగిందని రాసింది నువ్వు. ముద్రలు కొట్టింది నువ్వు."

యాసుయే గరిటె కింద పెట్టింది. నిజమే మరి.

మా ఊళ్ళో సంతకం ఎవరూ అడగరు. పేరు ముద్ర ఉంటే చాలు, మనిషి ఎదురుగా నిలబడి ఒప్పుకున్నట్టే లెక్క. తోమియె వాళ్ళది చేప బిళ్ళలు వేపి అమ్మే కొట్టు; దాని ఆఫీసు బల్ల సొరుగులో పనివాళ్ళందరి ముద్రలూ ఉంటాయి. సెలవు చీటీకీ మరో కాగితానికీ చేప ముద్ద చేతులతో వాళ్ళు పరుగెత్తుకు రానక్కర్లేకుండా మామగారి కాలంలో చేసిన ఏర్పాటు అది. ఎవరి ముద్ర వాళ్ళదే, కొట్టే చెయ్యి మాత్రం యాసుయేది. ఇరవై రెండేళ్ళలో అదేమిటని అడిగినవాడు లేడు.

నవంబర్లో ఏడాది చివరి కానుకల ఆర్డర్లు నెత్తి మీద కూర్చున్నాయి. ఆ హడావిడిలో మొగుడు కోసాకు ఓ కాగితం తెచ్చి ఆమె బల్ల మీద పడేసి, "ఇది కూడా కొట్టెయ్, ఫైర్ స్టేషన్‌కి పంపాలి," అన్నాడు. యాసుయే ఫోను చెవికీ భుజానికీ మధ్య నొక్కిపట్టుకునే రాసింది, ముద్రలూ కొట్టింది. నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు.

ఆ తర్వాత డిసెంబరు తొమ్మిదిన, పట్టపగలు పదకొండు గంటలకి, వేపుడు షెడ్డులో నూనె అంటుకుంది. యాసుయే చెల్లెలు చిహారు రెండు చేతులూ మోచేతుల దాకా కాలిపోయాయి. షెడ్డు పైకప్పు పోయింది. పక్కింటివాళ్ళు వలలు దాచుకునే గది సగం పోయింది. జరిగి ఆరు రోజులైంది.

"మీరేమైనా అనండి," అంది యాసుయే మొగుడితో.

కోసాకు చేప ముల్లు తీస్తున్నాడు. ఆరు రోజులుగా ఆ ఇంట్లో చేప ముల్లు కంటే పెద్ద సమస్య అతని కంటికి ఆనలేదు. కంపెనీకి అగ్నిభద్రత బాధ్యుడు అతనే. రెండు రోజుల కోర్సుకి వెళ్ళి తెచ్చుకున్న సర్టిఫికెట్టు భోజనాల గది గోడ మీద అద్దం కట్టించి ఉంది.

"అమ్మ చెప్పేది ఏంటంటే..."

"అమ్మ చెప్పేది నాకు వినపడుతూనే ఉంది. మీరు చెప్పేదే వినపడటం లేదు."

"మధ్యాహ్నానికి కదా. చూద్దాం," అన్నాడు కోసాకు, మళ్ళీ ముల్లు వెతుక్కుంటూ.

తోమియె గొంతు తగ్గించింది. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి. అరిచినప్పుడు ఆవిడకి ఎవరూ భయపడరు. గొంతు తగ్గిస్తేనే భయం.

"చూడమ్మా. కాగితం అబద్ధమని తేలితే వీడి మీద కేసు పెడతారు. కొట్టు మూసేస్తారు. వెనక షెడ్డూ పాయె, ముందు కొట్టూ పాయె. పదమూడు ఇళ్ళల్లో పొయ్యి వెలగదు. నేను రాక్షసిని కాను. చిహారు జన్మలో గరిటె పట్టకపోయినా నెలనెలా జీతం ఇస్తాను, ఇదిగో మీ మామయ్య ఫోటో ముందు చెప్తున్నా. కట్లు విప్పగానే నేనే దాన్ని వెంటబెట్టుకుని వీధిలో ఇంటింటికీ తిప్పుతాను. క్షమాపణకి తలా ఓ తువ్వాలు చేతిలో పెట్టి, వంగి, నా పొరపాటు వల్ల మీకు ఇబ్బంది కలిగిందని చెప్తుంది. పక్కన నేనూ వంగుతాను. నెల తిరిగేసరికి ఊరు మర్చిపోతుంది."

"మర్చిపోదు అత్తయ్యా. ఆ మలుపులో ఉన్న ఇంట్లో స్నానాల నీళ్ళ పొయ్యి నుంచి నిప్పంటుకుని నలభై ఏళ్ళైంది. దాన్ని మీరు ఇప్పటికీ 'నిప్పు పెట్టినామె ఇల్లు' అనే అంటారు. నిన్న కూడా అన్నారు."

తోమియె చేతిలోని చాప్‌స్టిక్స్ బల్ల మీద పెట్టేసింది.

"ఇది నువ్వు వాదించి తేల్చేది కాదు. నిన్న సాయంత్రం నేను ఆస్పత్రికి వెళ్ళొచ్చాను. నీ చెల్లెలు నీకంటే బుద్ధిమంతురాలు. వెళ్ళి కనుక్కో."

"ఏం చేశారు అక్కడికెళ్ళి?"

"ఖర్బూజా ఇచ్చాను," అంది తోమియె.

* * *

ఖర్బూజా కిటికీ గట్టు మీద, పెట్టెలో, రిబ్బను కూడా విప్పకుండా ఉంది.

"వచ్చావా? ముందు అది కొయ్యి అక్కా," అంది చిహారు. "నిన్నటి నుంచి దాన్ని చూస్తూ కూర్చున్నాను. ఇలాంటి ఖరీదైన పండు నా జన్మలో నాకెవరూ ఇవ్వలేదు. ఇచ్చిన రోజుకి చేతుల్లేవు."

రెండు చేతులూ తెల్లటి కట్లతో దిళ్ళ మీద పెట్టి ఉన్నాయి. కనుబొమలు కాలిపోయి మొహం ఎప్పుడూ ఆశ్చర్యపోతున్నట్టుంది. యాసుయే పండు కోసి, చిన్న ముక్కలు చేసి, ఒక్కొక్కటే నోట్లో పెట్టింది. చిన్నప్పుడు కూడా ఇలాగే తినిపించేది. అమ్మ చేపల రేవులో పనికి పోతే ఆ ఇంట్లో చిహారుకి అమ్మ తనే. మొగుడితో తెగతెంపులై చిహారు సంచితో తిరిగొచ్చినప్పుడు వేపుడు షెడ్డులో పని ఇప్పించిందీ తనే.

"మంచం పక్క సొరుగులో ఓ కాగితం ఉంది అక్కా. చూశావా?"

టైపు చేసిన కాగితం. తప్పు ఒప్పుకోలు పత్రం. యాసుయే నిలబడే చదివింది. 'తగిన శిక్షణ పొంది ఉండి కూడా, నా అజాగ్రత్త వలన కంపెనీకి, ఇరుగుపొరుగు వారికి తీరని నష్టం కలిగించినందుకు...' కింద చిహారు పేరు, పేరు పక్కన ముద్ర కోసం వదిలిన చోటు ఉన్నాయి.

"నా ముద్ర నీ సొరుగులోనే ఉంటుందిగా. నువ్వే కొట్టెయ్. పెద్దావిడ మధ్యాహ్నానికల్లా కావాలంది."

"ఇది నువ్వు చదివావా?"

"ఆవిడే చదివి వినిపించింది. పాపం, చదువుతూ ఏడ్చింది కూడా. అందులో అబద్ధమేముంది? పాడు చేసింది నేనే కదా. ఆరు రోజులుగా అదే ఆలోచిస్తున్నాను అక్కా. ఎక్కడ పొరపాటు చేశాను? గురి తప్పిందా? పూర్తి బకెట్టు కాక సగమే పోశానా?"

యాసుయేకి అర్థం కాలేదు. "గురేమిటి?"

"మే నెలలో నేర్పారుగా. నువ్వు లోపల ఫోన్లో ఉన్నావులే. ఫైర్ స్టేషన్ నుంచి నీళ్ళ సిలిండర్లు తెచ్చి నేర్పాలట. బావ తేవడం మర్చిపోయాడు. ఇంతలో లారీ వాడు సరుకు కోసం హారన్ మీద హారన్. సరే, మన వీధి సంఘం వాళ్ళు ఏటా చేయిస్తారు చూడు, అలాగే అందర్నీ వరసలో నిలబెట్టి బకెట్లు అందించమన్నాడు. ఆఖర్న నేను. షెడ్డు గుమ్మం దగ్గర. మంట ఇక్కడుందనుకో మరదలా, కొట్టు, అన్నాడు. కొట్టాను. సరిగ్గా గుమ్మం మధ్యలో పడింది. 'చూడండి మా మరదలి గురి!' అని అందరి ముందూ అన్నాడు. ఫోటో తీశాడు. తలా ఓ కాఫీ డబ్బా ఇచ్చాడు. పది నిమిషాల్లో అయిపోయింది."

"చిహారూ..."

"అందుకే ఆ రోజు నాకసలు భయం వెయ్యలేదు అక్కా. మంట చూసి హాత్సుకో పిన్ని అరుస్తోంది. నేను మాత్రం, నాకు తెలుసు ఇది, నాకొచ్చు అనుకున్నాను. పరుగెత్తి బకెట్టు తెచ్చాను. సరిగ్గా మధ్యలోకే కొట్టాను."

యాసుయే చేతిలో పండు ముక్క అలాగే ఉండిపోయింది.

"నూనె మంట మీద నీళ్ళు పొయ్యకూడదు. ఎవరూ చెప్పలేదా నీకు?"

"నూనెలో నీటి చుక్క పడితే చిట్లుతుందని నాకు తెలీదా? ఎనిమిదేళ్ళుగా చేప బిళ్ళలు వేపుతున్నాను. కానీ మంట వేరు కదా అనుకున్నాను. మంటకి నీళ్ళే కదా! బావ అదేగా నేర్పింది!"

"గోడ పక్కన ఎర్ర సిలిండరు ఉంది."

"ఉంది. దాని ముందు అట్టపెట్టెలు కూడా ఉన్నాయి. పైగా దాన్ని ముట్టుకోవద్దని పెద్దావిడ ఎన్నిసార్లు చెప్పలేదు? పొడి చిమ్మితే సరుకంతా పారబొయ్యాలని."

చిహారు నెమ్మదిగా ఏదో లెక్క కట్టుకుంటున్నట్టు కప్పు వంక చూసింది. మెత్తని మనిషే కానీ మొద్దు కాదు.

"అయితే నాది పొరపాటు కాదు."

"కాదు."

"మరి ఈ కాగితంలో తగిన శిక్షణ పొందినట్టుందే? పెద్దావిడ అంటోంది, నవంబరు కాగితం మీద నా ముద్ర కూడా ఉందట. నవంబర్లో మాకెవరూ ఏమీ నేర్పలేదు. ఎవరు కొట్టారు అక్కా అది?"

యాసుయే అబద్ధం చెప్పొచ్చు. పొద్దున్నుంచీ ఆ ఇంట్లో అందరూ ఆమెకి అదే నేర్పుతున్నారు.

"నేనే," అంది.

చిహారు మొహంలో కోపం వస్తుందని ఎదురుచూసింది. కోపం వచ్చుంటే బాగుండేది. చిహారు కట్లు కట్టిన చేతులు కదలకుండా, తల మాత్రం గోడ వైపు తిప్పుకుంది.

"అయితే ఇది కూడా నువ్వే కొట్టు," అంది. "అలవాటేగా."

* * *

రెండు గంటలకి ఐదు నిమిషాల ముందే ఆఫీసరు యోనెదా వచ్చాడు. యాభై దాటిన మనిషి. గుమ్మం దగ్గరే టోపీ తీసి తోమియెకి వంగి నమస్కరించాడు. చిన్న వ్యానులోంచి రెండు శిక్షణ సిలిండర్లూ, మంట బొమ్మ వేసిన ఓ చెక్కా దింపించి పెరట్లో పెట్టించాడు.

"ఇవి నీళ్ళవి, పొడి కాదు, బట్టలకేం కాదు," అన్నాడు. "నవంబర్లో అందరూ నేర్చుకున్నారని కాగితంలో చూశాను. ఒక్కసారి నాకు చూపిస్తారా? పరీక్షేమీ కాదండి."

పన్నెండుమంది పెరట్లో నిలబడ్డారు. తెల్ల టోపీలు, రబ్బరు బూట్లు, వెనక కాలిన షెడ్డు. వర్షం పడ్డా ఆ మాడిన నూనె వాసన పోలేదు. ఎవరి బూట్లు వాళ్ళు చూసుకుంటున్నారు.

"ముందు పెద్దవాళ్ళు," అన్నాడు యోనెదా.

హాత్సుకోకి అరవై ఆరు. చేపలు రుబ్బే మర దగ్గర ముప్ఫై ఏళ్ళుగా ఉంది. ఊళ్ళో ఆమె నోటికి జడవనివాళ్ళు లేరు. సిలిండరు ఎత్తి, పిడి నొక్కింది. ఏమీ రాలేదు. రెండు చేతులతో, పళ్ళ బిగువున నొక్కింది.

"ఇది పాడైపోయిందండి బాబూ."

"పసుపు పిన్ను లాగాలమ్మా ముందు."

"ఓహో, దీనికి తాళం కూడా ఉందా?" అంది హాత్సుకో. ఇద్దరు ముగ్గురు కిసుక్కున నవ్వారు. నవ్విన వాళ్ళ వంతు వచ్చాక నవ్వు ఆగిపోయింది. ఒకామె పిన్ను పక్కకి వంచింది. ఒకాయన సిలిండరునే చెక్క మీదికి విసరబోయాడు. ఇంకొకామె, "మాకు ఇది... మాకు వేరే రకం..." అని గొణిగి వెనక్కి వెళ్ళిపోయింది.

"బాధ్యులు మీరే కదండీ?" అన్నాడు యోనెదా కోసాకుతో, ఎంతో మర్యాదగా.

కోసాకు పిన్ను లాగాడు. అది గుర్తుంది. గొట్టం కొస పట్టుకోవాలన్నదే గుర్తులేదు. నొక్కేసరికి గొట్టం ఎగిరి ఆఫీసరు ప్యాంటు మోకాళ్ళ దాకా తడిసింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. తేలు కుట్టిన దొంగల్లా పన్నెండుమందీ నిలబడ్డారు.

యోనెదా ప్యాంటు దులుపుకోలేదు. "సరే. ఎలాగూ వచ్చాను కదా, నేర్పి వెళ్తాను," అన్నాడు. "ముందు గట్టిగా అరవాలి. నిప్పు అని. ఏదీ?"

"నిప్పు," అన్నారు ఎవరో, పక్కవాళ్ళకి కూడా వినపడకుండా. పెద్దవాళ్ళు పెరట్లో నిలబడి అరవడమంటే మా వాళ్ళకి ప్రాణం పోయినంత సిగ్గు.

"సిగ్గుపడితే మీ వెనక గదిలో ఉన్నవాళ్ళు పోతారండి. మళ్ళీ అరవండి."

రెండోసారి కాస్త వినపడింది. తర్వాత పిన్ను, గొట్టం కొస, పిడి అన్నీ చూపించాడు. గుమ్మం వీపు వెనక ఉండాలన్నాడు, మంట మొదట్లో కొట్టాలన్నాడు. ఒక్కొక్కరి చేతా చేయించాడు. హాత్సుకో చెక్కకి తగిలేలా కొట్టి, "ఇంత తేలికా?" అంది.

"ఇక నూనె. మూకుడులో నూనె అంటుకుంది. ఏం చేస్తారు?"

అందరూ కాలిన షెడ్డు వంక చూశారు.

"నీళ్ళు మాత్రం పొయ్యకూడదు, అది ఇప్పుడు మీకు నేను చెప్పక్కర్లేదు. గ్యాసు కట్టెయ్యాలి. మూకుడు మీద మూత పెట్టి వదిలెయ్యాలి. తియ్యకూడదు. మూత అందనంత మంటైతే ఐదారు అడుగులు వెనక నిలబడి సిలిండరు కొట్టాలి. అంతే."

"మూతా?" అంది హాత్సుకో.

"మూతేనమ్మా."

"మూత అక్కడే ఉందండీ! గోడకి తగిలించి ఉంది! నా తల పక్కనే ఉంది, నేను అక్కడ నిలబడి అరుస్తూనే ఉన్నాను..." హాత్సుకో గొంతెత్తింది. "ఇప్పుడు నేర్పుతారా ఇది? చేతులు కాలాక ఆకులు..." అని, నాలుక కరుచుకుని, టోపీ తీసి మొహం కప్పుకుంది. ముప్ఫై ఏళ్ళలో ఆమె మాట మధ్యలో ఆగడం అదే మొదటిసారి.

యోనెదా సంచిలోంచి నవంబరు కాగితం తీశాడు. పదమూడు ఎర్రటి గుండ్రాలు, అన్నీ ఒకే వాలుగా, ఒకే సిరాతో.

"దీని సంగతి చూద్దామా?"

తోమియె ముందుకొచ్చింది. నడుము దాకా వంగి లేచింది.

"మా వాళ్ళు చదువుకున్నవాళ్ళు కాదు బాబూ. ఆఫీసరుగారి ముందు కంగారుపడ్డారు, నేర్పింది మర్చిపోయారు. ఆ రోజు చిహారూ ఇలాగే కంగారుపడింది. పాపం, తన తప్పు తనే ఒప్పుకుని కాగితం కూడా రాసిచ్చింది. యాసుయే, ఇయ్యి."

యాసుయే సంచి తెరిచింది. ఆస్పత్రి నుంచి కొట్టుకి నడిచొచ్చిన దారంతా ఆ సంచి మోయలేనంత బరువుగా ఉంది ఆమెకి. ఆఫీసులో పావుగంట సేపు చెల్లెలి ముద్ర అరచేతిలో పెట్టుకుని కూర్చుంది. కొడితే పదమూడు ఇళ్ళల్లో పొయ్యి వెలుగుతుంది. ఊళ్ళో ఒక్క మనిషి మాత్రం నిప్పు పెట్టినామె అయిపోతుంది. ఆ ఒక్క మనిషి తను చేతులారా పెంచిన చిహారు.

కాగితం అందుకుని యోనెదా కింద చూశాడు. "ముద్ర లేదే?"

"లేదండి. దాని ముద్ర ఇంక నేను కొట్టను," అంది యాసుయే. ఆమె మాట అందరికీ వినపడింది. "నవంబరు కాగితం మీద పదమూడూ నేనే కొట్టాను. శిక్షణ జరగలేదు. వీళ్ళెవరికీ ఆ కాగితం సంగతే తెలీదు. మా చెల్లెలికీ తెలీదు."

"యాసుయే!" అంది తోమియె, గొంతు తగ్గించి.

"ఎవరు కొట్టమన్నారు?" అన్నాడు యోనెదా.

యాసుయే మొగుడి వంక చూసింది. ఇరవై నాలుగేళ్ళ కాపురం. ఆరు రోజులుగా ఆ నోట్లోంచి ఒక్క మాట కోసం కనిపెట్టుకుని ఉంది. ఇప్పటికైనా ఒక్క మాట, 'నేనే' అని రెండక్షరాలు. అంతకంటే ఏమీ అడగడం లేదు. కేసు పెడితే పెట్టనీ, కొట్టు మూస్తే మూయనీ, పక్కన నిలబడటానికి తనుంది.

కోసాకు నోరు తెరిచాడు.

"కాగితాల పని మొదట్నించీ మా ఆవిడదేనండి," అన్నాడు. "ఏం రాసిందో, ఏం కొట్టిందో నాకేం తెలీదు."

పెరట్లో ఎవరో సిలిండరు కింద పెట్టిన చప్పుడైంది. తోమియె కూడా కొడుకు వంక ఒకసారి చూసి తల తిప్పుకుంది.

యాసుయేకి కన్నీళ్ళు రాలేదు. ఒళ్ళంతా అసహ్యం వేసింది. అతని మీదా, ఇన్నేళ్ళు అతను పెట్టిన ప్రతి కాగితం మీదా మారు మాట్లాడకుండా ముద్ర కొట్టిన తన చేతి మీదా.

"అవునండి," అంది. "కాగితం నాది. రాసుకోండి. మే నెలలో ఇదే పెరట్లో మా చెల్లెలి చేతికి బకెట్టిచ్చి, మంటకి నీళ్ళే మందని నేర్పింది మాత్రం నేను కాదు. అది ఎవరో ఇక్కడున్న పన్నెండుమందినీ విడివిడిగా అడగండి."

యోనెదా పెన్ను తీశాడు. ముందు హాత్సుకో వైపు తిరిగాడు. హాత్సుకో మొహం మీంచి టోపీ తీసింది. ఒకసారి తోమియె వంక, ఒకసారి కాలిన షెడ్డు వంక చూసింది. ఆమె ఏం చెప్తుందో వినడానికి యాసుయే ఆగలేదు.

గేటు దగ్గర తోమియె ఆమెని అందుకుంది. ఈ వయసులో ఎంత జోరుగా నడిచిందో, ఆయాసపడుతోంది.

"సాయంత్రం ఏ మొహం పెట్టుకుని వస్తావు ఇంటికి?"

"రాను అత్తయ్యా."

"ఎక్కడికి పోతావు?"

"ఆస్పత్రికి."

* * *

నాలుగింటికి వార్డు గుమ్మం దగ్గర నర్సు ఆమెని ఆపింది. చిన్న పిల్ల, తనకే ఇబ్బందిగా ఉంది.

"ఏమీ అనుకోకండి. అక్కయ్య వస్తే లోపలికి పంపొద్దని చెప్పారు పేషెంటు."

"పొద్దున్న వచ్చాను కదమ్మా."

"పొద్దున్న వచ్చిన తర్వాతే చెప్పారండి."

తలుపు సందులోంచి మంచం కొస, కదలకుండా ఉన్న రెండు తెల్ల కట్లు కనపడుతున్నాయి. పిలిస్తే వినపడేంత దూరమే. యాసుయే పిలవలేదు.

"ఒక్క సంగతి చెప్పగలవా అమ్మా? ఆ కాగితం మీద ముద్ర కొట్టలేదని చెప్పు. నవంబర్లో శిక్షణ జరగలేదని ఆఫీసరుగారికి చెప్పేశానని చెప్పు. దాని తప్పేమీ లేదని అందరి ముందూ అన్నానని చెప్పు."

నర్సు లోపలికి వెళ్ళింది. యాసుయే గోడకి ఆనుకుని నిలబడింది. లోపల మాటలు వినపడలేదు. రమ్మంటుందని అనుకుంది. రమ్మనదని కూడా అనుకుంది.

నర్సు తిరిగొచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"విన్నారండి. ఒక్కటే అడిగారు."

"ఏమని?"

"అప్పుడు బావగారేమన్నారు అని."

యాసుయే ఆ అమ్మాయి మొహం వంక చూస్తూ ఉండిపోయింది.

"తనకేం తెలీదన్నాడని చెప్పు," అంది.